మూడు ఫైళ్లలో ఒకే సెంట్రింగ్ గ్యాంగ్

సంపాదకులకు నమస్కారం.

మీ జిల్లా పేజీలో తరచూ ఒకే రకం వార్త చూస్తుంటాను. ఫలానా ఊళ్లో బడి గదుల పని ఆగింది, ఫలానా దారిలో కల్వర్టు సగంలో ఉంది, పిల్లలు చెట్టు కింద కూర్చుంటున్నారు, బస్సు చుట్టూ తిరిగి పోతోంది. కారణం మాత్రం ఎప్పుడూ ఒకటే రాస్తారు, కాంట్రాక్టర్ నిర్లక్ష్యం, అధికారుల అలసత్వం అని. నిర్లక్ష్యం అసలు లేదని నేననను. బిల్లులు రాక ఆగిన పనులూ ఉన్నాయి, దాని మీద రాస్తే ఇంకో ఉత్తరం అవుతుంది. కానీ నల్లగొండలో ఒక చిన్న కాంట్రాక్టు సంస్థలో తొమ్మిదేళ్లుగా ప్లానింగ్ చూస్తున్నాను కాబట్టి చెబుతున్నా, నేను దగ్గరుండి చూసిన ఆలస్యాల్లో చాలావాటిలో ఎవరూ కావాలని పని ఎగ్గొట్టలేదు. ఉన్న ఒక్క జేసీబీని, స్లాబు కింద అచ్చు బిగించే ఒక్క సెంట్రింగ్ గ్యాంగ్‌ని, ఒక్క సైట్ ఇంజినీర్‌ని మూడు పనుల కాగితాల్లో మూడుసార్లు రాసుకున్నారు, అంతే.

రెండేళ్ల కిందటి ఎండాకాలం సంగతి చెబుతాను. అప్పుడు మా చేతిలో మూడు పనులున్నాయి. దేవరకొండ వైపు ఒక బడికి అదనపు గదులు, మునుగోడు వైపు ఒక ఊరికి మంచినీళ్ల ట్యాంకు, మిర్యాలగూడ దారిలో ఒక బాక్స్ కల్వర్టు. మూడింటికీ మూడు అగ్రిమెంట్లు, మూడు గడువులు, పనుల తేదీలు లెక్కేసే సాఫ్ట్‌వేర్ మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్‌లో నేను చేసిన మూడు ఫైళ్లు. ఏ ఫైలు తెరిచినా అంతా పద్ధతిగా కనిపించేది, గుద్దులాట ఉంటే చూపించే ఎరుపు ఎక్కడా లేదు. బడి ఫైల్లో సెంట్రింగ్ గ్యాంగ్ ఉంది, కల్వర్టు ఫైల్లోనూ ఉంది. రెండూ ఒకటే గ్యాంగ్ అని నాకు తెలుసు, ఫైళ్లకు తెలియదు. బడి స్లాబు ఒక శుక్రవారం పడింది. ఫైలు ప్రకారం ఆ సాయంత్రానికే స్లాబును కింద నుంచి మోసే జాకీలు, అచ్చుకు వాడే ప్లేట్లు అన్నీ ఖాళీ. సోమవారం కల్వర్టు పైస్లాబుకు షట్టరింగ్, అంటే అచ్చు బిగింపు, మొదలు కావాలి. గ్యాంగ్ డీసీఎం వ్యాన్‌లో వంట సామానుతో సహా కల్వర్టు దగ్గర దిగింది, 22 మంది, ఇద్దరు ఆడవాళ్ల చంకల్లో పిల్లలు. జాకీలేమో ఇంకా బడి స్లాబు కింద నిలబడి ఉన్నాయి.

కాంక్రీటు పనుల భారత ప్రమాణం ఐఎస్ 456 కోడ్ ప్రకారం స్లాబు స్పాన్, అంటే ఆధారాల మధ్య దూరం, 4.5 మీటర్లు దాటితే కింది జాకీలు కనీసం 14 రోజులు కదిలించకూడదు. ఇది చిన్న సూపర్‌వైజర్‌కు కూడా తెలుసు, నాకూ తెలుసు. కానీ నా ఫైల్లో 'స్లాబు కాంక్రీట్' అన్న పని ఒక్కరోజుది, జాకీలు ఆ పనికే కట్టి ఉన్నాయి కాబట్టి పని అయిపోగానే అవి ఖాళీ అయినట్టు లెక్క వచ్చింది. పైగా నేను వాటిని సిమెంటు, ఇసుకలాగా మెటీరియల్ కింద ఎక్కించాను. మెటీరియల్ అంటే వాడితే అయిపోయేది, దానికి గరిష్ఠ సంఖ్య ఉండదు, ఎన్ని చోట్ల రాసినా సాఫ్ట్‌వేర్ నోరెత్తదు. జాకీ అలా కాదు కదా, ఇక్కడ తీసి అక్కడ పెట్టేది. దాన్ని మనిషిలాగా, మిషన్‌లాగా వర్క్ రిసోర్స్‌గా రాసి, మొత్తం ఇన్నే ఉన్నాయి అని సంఖ్య ఇచ్చి, కాంక్రీట్ పనికి మాత్రమే కాకుండా ఆ తర్వాత సెంట్రింగ్ విప్పేదాకా కట్టి ఉంచాలి. అప్పుడే అసలు విషయం కనపడుతుంది.

ఆ గ్యాంగ్ 11 రోజులు కూర్చుంది. మా సంస్థ సగం కూలీ ఇచ్చింది, అది కూడా గట్టిగా అడిగితే. వాళ్లు అచ్చంపేట వైపు మనుషులు, ఊళ్లో చేను బీడు పెట్టి వచ్చినవాళ్లు. కల్వర్టు జూన్‌లోకి జారింది, మొదటి పెద్ద వానకే పక్కనున్న మట్టి డైవర్షన్ కొట్టుకుపోయింది, రెండు ఊళ్లవాళ్లు వారం రోజులు చుట్టుదారిన తిరిగారు. అప్పుడు కూడా పేపర్లో నిర్లక్ష్యం అనే రాశారు. ఆ ఫైళ్లు చేసింది నేను కాబట్టి ఆ వార్త చదివిన రోజు నాకు అన్నం సహించలేదు.

మా నాన్న పాలమూరు లేబర్‌లో పనిచేసిన మనిషి. డ్యాములు, కాలువలు ఎక్కడెక్కడ కట్టారో అక్కడికల్లా గుంపుతో పోయి మట్టి మోసినవాళ్లలో ఒకడు. గుంపు మేస్త్రీ దగ్గర ఒక నోటుబుక్కు ఉండేదట. ఎవరు ఏ సైటు మీద ఉన్నారు, ఎవరు ఎప్పటికి ఖాళీ అవుతారు, ఎవరు పండక్కి ఇంటికి పోతామన్నారు, అన్నీ ఆ ఒక్క బుక్కులోనే. ఇద్దరు కాంట్రాక్టర్లు ఒకే గుంపును అడిగితే మేస్త్రీ బుక్కు తీసి చూసి మాట చెప్పేవాడు. ఆ పద్ధతిలో అడ్వాన్సుల కింద మనుషులు నలిగిపోయారు, మా ఇంట్లోనే చూశాను, దాన్ని మెచ్చుకోవడం నా ఉద్దేశం కాదు. కానీ లెక్క మాత్రం ఒక్కచోట ఉండేది. ఇప్పుడు కంప్యూటర్లు వచ్చాక పని పనికీ ఒక బుక్కు అయింది, ఒక బుక్కు ఇంకో బుక్కును చూడదు.

సాఫ్ట్‌వేర్‌లో దీనికి పరిష్కారం లేక కాదు. రిసోర్స్ పూల్ అని ఉంటుంది. ఒక ఖాళీ ఫైలు తీసుకుని అందులో పనులేవీ రాయకుండా మనుషుల, మిషన్ల జాబితా మాత్రమే రాస్తారు. జేసీబీ ఒకటి, సెంట్రింగ్ గ్యాంగ్ ఒకటి, సైట్ ఇంజినీర్ ఒకరు, జాకీలు 240, ఇట్లా. మిగతా ప్రాజెక్టు ఫైళ్లన్నీ తమ సొంత జాబితా పక్కనపెట్టి ఆ ఫైలు నుంచే తీసుకునేలా షేర్ రిసోర్సెస్ అన్నచోట కలుపుతారు. రెండు జాబితాల్లో తేడా వస్తే పూల్ మాటే చెల్లాలి అని అక్కడే ఎంచుకోవచ్చు. ఆ తర్వాత ఏ ఫైల్లో జేసీబీని వాడినా, ఆ రోజు ఇంకో ఫైల్లో అది ఎక్కడుందో కలిపి లెక్కేసి, రెండుచోట్ల ఉంటే పేరు ఎర్రగా చూపిస్తుంది. నేను ఆ మూడు పాత ఫైళ్లను, అంతా అయిపోయాక, ఒక రాత్రి కూర్చుని ఇట్లా కలిపి చూశాను. జాకీలను సరిగ్గా రాసి కలపగానే మే నెల మొత్తం ఎర్రబడింది. మార్చిలోనే ఈ పని చేసి ఉంటే ఆ ఎరుపు మార్చిలోనే కనపడేది, ఆ 22 మందిని రెండు వారాలు ఆగి రమ్మని చెప్పేవాళ్లం, వాళ్లు ఇంకెక్కడైనా పని చూసుకునేవాళ్లు.

కలిపేటప్పుడు పేర్ల దగ్గర చాలా జాగ్రత్త కావాలి. సాఫ్ట్‌వేర్ పేరును బట్టే గుర్తుపడుతుంది. ఒకరు జేసీబీ అని, ఇంకొకరు మధ్యలో చుక్కలు పెట్టి, మరొకరు ప్రొక్లెయిన్ అని రాస్తే దాని లెక్కలో మూడు మిషన్లు, మనకున్నది మాత్రం ఒక్కటే. మా ఆఫీసులో ఈ పేర్లు ఒక దారికి తేవడానికే నాలుగు రోజులు పట్టింది. ఇప్పుడు ఎవరు కొత్త ఫైలు మొదలుపెట్టినా పూల్లో ఉన్న పేరే వాడాలి, సొంతంగా టైపు చేయకూడదు.

సెలవుల సంగతి కూడా అంతే. బతుకమ్మకు, దసరాకు గ్యాంగులు ఊళ్లకు పోతాయి. దీపావళి దాటాక కురుమూర్తి జాతర ఉంటుంది, రెండేళ్లకోసారి పెద్దగట్టు జాతర వస్తే సూర్యాపేట వైపు మనుషులు దొరకరు. వీటిని ఏ ఇంజినీరూ ప్రతి ఫైల్లో రాయడు, ఆ వారం రాగానే మనుషులు రాలేదని ఫోన్లు మొదలవుతాయి, టెన్షన్ మొదలవుతుంది. పూల్లో ఆ గ్యాంగ్ క్యాలెండర్‌లో ఒక్కసారి రాస్తే దాన్ని వాడే అన్ని ఫైళ్లలోనూ తేదీలు వాటంతటవే జరుగుతాయి. ఎవరి పండగనూ ఎవరూ పాడుచేయక్కర్లేదు.

ఎరుపు కనపడ్డాక ఏ పని ముందు, ఏది వెనక అన్నది మనుషులే తేల్చాలి. లెవెలింగ్ అని ఒక బటన్ ఉంది, అది పనులను వెనక్కి జరిపి గుద్దులాట తీసేస్తుంది. కానీ దేన్ని జరపాలో దానికి తెలియాలంటే ప్రతి ప్రాజెక్టుకూ ప్రాధాన్యం చెప్పాలి, 0 నుంచి 1000 వరకు. ఏమీ చెప్పకపోతే అన్నీ 500, అన్నీ సమానం. 1000 ఇస్తే దాన్ని ముట్టుకోదు. మా యజమానిని కూర్చోబెట్టి మూడు పనులకు మూడు అంకెలు చెప్పమంటే ఆయన గంటసేపు ఆలోచించారు, అప్పటిదాకా ఆయన అన్నీ ముఖ్యమే అంటూ వచ్చారు. జూన్‌లో బడి తెరుస్తారు, జూన్‌లోనే వాన పడుతుంది, ట్యాంకుకు ఇంకా గడువుంది. అట్లా కూర్చుని మాట్లాడుకోవడం మా ఆఫీసులో అదే మొదటిసారి. నాకు ఆ గంట సాఫ్ట్‌వేర్ కంటే విలువైనదనిపించింది.

ఇంతవరకు చెప్పింది ఒకే సంస్థ లోపలి మాట. వేర్వేరు సంస్థల పనులు ఒకదాని మీద ఒకటి ఆధారపడి ఉంటే ఇంకా కష్టం. మా ట్యాంకు విషయంలో అదే జరిగింది. ట్యాంకు మాది, దానికి నీళ్లు తెచ్చే పైపులైను ఇంకొకరిది. ట్యాంకు కట్టడం అయిపోయింది, నీళ్లు నింపి కారుతుందో లేదో చూడాలి, చూస్తే తప్ప చివరి బిల్లు కాదు. పైపు రాలేదు. నా ఫైల్లో నీళ్లు నింపే పనికి ముందున్న పని ట్యాంకు రంగులు వేయడం, అంతవరకే రాసుకున్నా, పైపు సంగతి వాళ్ల ఫైల్లో ఉంది. మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్‌లో రెండు ఫైళ్ల మధ్య లింకు ఇవ్వొచ్చు, ముందు పని అన్న గడిలో అవతలి ఫైలు ఉన్న చోటు, పేరు, పని నంబరు రాస్తే చాలు. వాళ్ల పని మన చార్టులో బూడిద రంగులో కనిపిస్తుంది, దాన్ని మనం మార్చలేం కానీ దాని తేదీ జరిగితే మనం ఫైలు తెరవగానే, ఇది జరిగింది, ఒప్పుకుంటావా అని అడుగుతుంది. అన్ని ఫైళ్లనూ ఒకే మాస్టర్ ఫైల్లోకి తెచ్చి చూసుకోవచ్చు కూడా. తెచ్చేటప్పుడు లింక్ టు ప్రాజెక్ట్ అన్న టిక్కు తీయకూడదు, తీస్తే అది ఆ రోజటి కాపీ అయి కూర్చుంటుంది, అసలు ఫైల్లో ఏం మారినా అందులోకి రాదు.

ఈ లింకు ఎంత ముఖ్యమో పాలమూరు మనుషులకు నేను చెప్పాల్సిన పని లేదు. 2015లో శంకుస్థాపన అయిన పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతల చూడండి. శ్రీశైలం నీళ్లు నార్లాపూర్ జలాశయానికి ఎక్కాలి, అక్కడి నుంచి ఏదులకు, ఏదుల నుంచి వట్టెంకు, వట్టెం నుంచి కరివెనకు, కరివెన నుంచి ఉద్దండాపూర్‌కు. నార్లాపూర్ దగ్గర మొదటి పంపు 2023 సెప్టెంబర్‌లో తిరిగింది. పనులన్నీ ప్యాకేజీలుగా విడదీసి ఇచ్చినవి. నేను ఆ ప్రాజెక్టులో పనిచేయలేదు, లోపల ఏ సాఫ్ట్‌వేర్‌తో ఎట్లా లెక్కలు వేస్తారో మాట్లాడను. నేననేది ఒక్కటే, మధ్యలో ఒక్క కట్ట, ఒక్క సొరంగం, ఒక్క పంపుహౌస్ ఆగితే కిందివాళ్ల పని ఎంత బాగా జరిగినా చేలోకి చుక్క రాదు. విడివిడిగా చూస్తే ప్రతి ప్యాకేజీకీ ఒక శాతం చెప్పొచ్చు, 80 శాతం అయింది, 90 శాతం అయింది అని. రైతుకు కావాల్సింది ఆ శాతం కాదు, తన కాలువకు నీళ్లు వచ్చే తేదీ, ఆ తేదీ అన్నీ లింకు చేసిన చార్టులో మాత్రమే దొరుకుతుంది.

ఇక ఊళ్లలో సీసీ రోడ్డు వేసిన నెలకే పైపు కోసం తవ్విన ఫొటోలు మీరే ఎన్నిసార్లు వేశారో. రోడ్డు ఒక శాఖ, పైపు ఇంకో శాఖ, ఎవరి చార్టులో వాళ్లు సమయానికే పూర్తిచేశారు. పైపు పూర్తయితేనే రోడ్డు అన్న ఒక్క గీత ఎక్కడా లేదు. దేశస్థాయిలో 2021 అక్టోబర్‌లో పీఎం గతిశక్తి పేరుతో 16 మంత్రిత్వ శాఖల పనులను ఒకే వేదిక మీద చూసే ప్రయత్నం మొదలైంది. హైవేలు, రైల్వే లైన్ల వరకు ఆ ఆలోచన వచ్చినప్పుడు మా మండలంలో ఒక వీధి రోడ్డుకు, ఒక పైపుకు ఎందుకు రాకూడదు?

దీనికి మా తోటి కాంట్రాక్టర్లు చెప్పే మాట నాకు తెలుసు, మనవి చిన్న పనులు, దీనికి సాఫ్ట్‌వేర్ ఎందుకు, ఎక్సెల్ చాలు అని. నిజానికి గోడ మీద ఒక పెద్ద కాగితం అంటించి రంగు పెన్సిళ్లతో గీసుకున్నా నాకు అభ్యంతరం లేదు, ఆ కాగితం ఒక్కటే ఉండి అందరూ దాన్నే చూస్తే. ఎక్సెల్‌తో వచ్చే చిక్కు ఏమిటంటే వాట్సాప్‌లో ఐదుగురికి పంపితే ఐదు కాపీలవుతాయి, వారం తిరిగేసరికి ఐదూ ఐదు రకాలవుతాయి. ప్రాజెక్ట్ ఫైళ్లకూ ఈ బాధ ఉంది. లింకు అనేది ఫైలు ఏ ఫోల్డర్లో ఉంది, దాని పేరేమిటి అన్నదాని మీదే నిలబడి ఉంటుంది, ఎవరైనా పెన్‌డ్రైవ్‌లో వేసుకుపోయి పేరు మార్చి తెచ్చిపెడితే లింకు తెగిపోతుంది. మేము రెండుసార్లు తెంపుకున్నాం. ఇప్పుడు ఆఫీసులో ఒక కంప్యూటర్లో ఒకే ఫోల్డర్, పేర్లు మార్చడం నిషేధం. పూల్ ఫైలు కూడా రోజువారీ అందరూ రీడ్ ఓన్లీగా, అంటే చూడటానికే, తెరుస్తారు, తమ పనుల మార్పులు అప్‌డేట్ కొట్టి పంపుతారు. కూలీ రేట్లు, క్యాలెండర్, మనుషుల సంఖ్య మార్చే అధికారం ఒక్కరిదే. మా ఊరి చెరువు కింద నీళ్లు వదిలే నీరటి ఉన్నట్టు. తూము ఎవరు పడితే వాళ్లు ఎత్తితే చివరి మడి తడవదు.

పెద్ద కంపెనీలు వాడే ప్రైమావెరా సాఫ్ట్‌వేర్‌లో రిసోర్సుల జాబితా మొదటినుంచే అన్ని ప్రాజెక్టులకూ ఉమ్మడిగా ఉంటుంది, కానీ అది మాలాంటి చిన్నవాళ్లు కొనేది కాదు. డబ్బుల ఇబ్బంది ఉన్నవాళ్లకు ప్రాజెక్ట్‌లిబ్రే ఉచితంగా దొరుకుతుంది, మైక్రోసాఫ్ట్ ఫైళ్లు కూడా తెరుస్తుంది, పనుల మధ్య లింకులు, మనుషుల లెక్క నేర్చుకోవడానికి సరిపోతుంది.

అసలు కొరత నేర్పేవాళ్లది. నేను సివిల్ డిప్లొమా చదివినప్పుడు బార్ చార్టు గీశాను, క్రిటికల్ పాత్ లెక్కలు, పెర్ట్ లెక్కలు చేత్తో వేసి పాసయ్యాను. ఆ లెక్కలు 1950ల చివర్లో పుట్టినవి, వాటిలో ఏ పని తర్వాత ఏ పని అన్నది ఉంటుంది కానీ ఆ పని చేసే మనిషి ఆ రోజు ఇంకోచోట ఉంటే ఏం చేయాలన్నది ఉండదు. పరీక్షలో ఒక్కసారి కూడా రెండు ప్రాజెక్టులకు ఒకే మేస్త్రీ ఉన్నాడు, తేదీలు సర్దండి అన్న ప్రశ్న రాలేదు. బయటికొచ్చిన మొదటి రోజు నుంచి ఆ ప్రశ్న తప్ప ఇంకో ప్రశ్న లేదు.

కాబట్టి మీ పేపర్ ద్వారా అడిగేది రెండే. జిల్లాలో పనుల మీద సమీక్ష జరిగినప్పుడు శాఖలవారీగా శాతాలు చదవడంతో పాటు, ఈ నెలలో ఏ పని ఏ శాఖ పని కోసం ఎదురుచూస్తోంది అన్న ఒక్క కాగితం కూడా టేబుల్ మీద పెట్టమనండి. 2016లో ఉమ్మడి నల్లగొండ మూడు జిల్లాలైంది, పాత మహబూబ్‌నగర్ కూడా ముక్కలైంది, కానీ జేసీబీలు, గ్యాంగులు, రెడీమిక్స్ ప్లాంట్లు ఆ గీతలు చూసుకుని తిరగవు, పక్క జిల్లాతో కూడా ఆ కాగితం పంచుకోవాలి. మీ విలేకరులు కూడా ఆగిన పని దగ్గరికి పోయినప్పుడు కాంట్రాక్టర్‌ను, అధికారిని అడిగే ప్రశ్నల్లో ఇంకొకటి చేర్చండి: ఈ పనికి రావాల్సిన మిషన్, ఈ పనికి రావాల్సిన మనుషులు ఈరోజు ఎక్కడున్నారు? ఆ జవాబు కూడా అచ్చువేయండి.

రెండోది, పాలిటెక్నిక్ చివరి ఏడాది పిల్లలకు ఇది చేత్తో చేయించాలి. సిలబస్ మారేదాకా ఆగక్కర్లేదు. నల్లగొండలో గానీ దేవరకొండలో గానీ పది కంప్యూటర్లున్న గది ఎవరైనా ఇస్తే నాలుగు ఆదివారాలు నేనే వచ్చి నేర్పుతాను, రూపాయి అక్కర్లేదు. ఆ మూడు పాత ఫైళ్లు ఇంకా నా దగ్గరే ఉన్నాయి, పేర్లు తీసేసి వాటినే తెస్తాను. మొదటి ఆదివారం పిల్లలు వాటిని కలిపి, ఆ 11 రోజులు ఎక్కడ దాక్కున్నాయో వెతకాలి.

ఇట్లు,
ఒక ప్లానింగ్ ఇంజినీర్,
నల్లగొండ